పాతకారు బేరము: కొనువారికిని, అమ్మువారికిని

ఒంగోలు జాతి యెద్దును కొనబోవు రైతు సంతలో నెట్లు మెలగునో చూడుడు. నోరు తెరపించి పండ్లు చూచును. సుడులు వెదకును. గిట్టలు పరికించును. నాలుగడుగులు నడిపించి, కాడి కట్టి, బరువు లాగించి చూచును. ఇంతయు నైన పిమ్మటనే దళారితో తువాలు క్రింద వ్రేళ్లు కలుపును. ఆ రైతే యొక యెకరము భూమి కొనదలచినచో, పూర్వపు దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకము, రిజిస్ట్రారు కచేరీలో నిచ్చు ఈ.సి. కాగితము, నలుదిక్కుల సరిహద్దులు చూచుకొనక బయానా యీయడు. అట్టి జాగరూకుడు పట్టణమునకు బోయి యైదారు లక్షల రూపాయలు వెచ్చించి పాత మోటారుకారు కొనునపుడు మాత్రము, మెరుగుపెట్టిన రంగును, క్రొత్త సీటుగుడ్డలను చూచి, అమ్మువాని తియ్యని మాటలు విని, గంటలో బేరము ముగించుకొని వచ్చుచున్నాడు. ఇది మాకు మిక్కిలి వింతగా దోచుచున్నది.

కారు ఎద్దువలె అరుగుదల గలది; భూమివలె దస్తావేజు గలది. ఆ రెండు బేరములకును వలసిన జాగ్రత్తలన్నియు దీని కొక్కదానికే వలయును. ఈ సంగతి మరచుటచేత కొనువారు తమ సొమ్మును, అమ్మువారు కొన్ని వేళల నంతకు మించినదానిని పోగొట్టుకొనుచున్నారు. కావున నుభయులకును పనికివచ్చు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఈ బేరమందలి చిక్కునకు మూలము, అమ్మువానికి తెలిసినది కొనువానికి తెలియకుండుటయే. అమెరికా యార్థికశాస్త్రజ్ఞుడు జార్జి అకర్లాఫ్ 1970లో ప్రకటించిన యొక వ్యాసమున పాతకార్ల విపణినే యుదాహరణముగా గైకొని దీనిని విశదపరచెను. ఆయన వాదమును మన లెక్కలలో చెప్పుకొందము. మంచికారు 5 లక్షలు, చెడ్డకారు 3 లక్షలు చేయుననుకొనుడు. ఏది మంచిదో, ఏది చెడ్డదో గుర్తింపలేని కొనువాడు నడిమి ధరయగు 4 లక్షలకు మించి యీయనొల్లడు. ఆ ధరకు మంచికారుగలవాడు అమ్మనొల్లక బండిని ఇంటనే యుంచుకొనును. చెడ్డకారుగలవాడు సంతోషముతో ముందునకు వచ్చును. ఇట్లు మంచిబండ్లు విపణి విడిచిపోయి చెడ్డవే మిగులును. ఇట్టి పరిశోధనలకై అకర్లాఫునకు, మైకేల్ స్పెన్సు, జోసెఫ్ స్టిగ్లిట్జులతో పాటు, 2001లో నోబెలు బహుమానము లభించెను.

దీనివలన మనము గ్రహింపవలసిన దేమన, పరీక్ష చేయించుట అమ్మువానిని అవమానించుట గాదు. తన మంచిబండికి మంచిధర కోరు నిజాయితీపరునకు పరీక్షయే మేలు చేయును. పరీక్షకు ఒప్పుకొనని వాని గుమ్మము దిగివచ్చుటయే కొనువాని మొదటి లాభము.

మూల్యనిర్ణయము

కారు విలువ యెంతయని యడిగినచో పలువురు భీమాపత్రమునందలి విలువను చూపుదురు. అది భీమాకంపెనీలు నష్టపరిహారమునకై వాడు లెక్క. ఆ పట్టిక ప్రకారము క్రొత్తబండి ధరలో ఆరు మాసములలోపున నూటికి 5, ఏడాదిలోపున 15, రెండేండ్లలోపున 20, మూడేండ్లలోపున 30, నాలుగేండ్లలోపున 40, అయిదేండ్లలోపున 50 వంతులు తగ్గింతురు. ఇది యొక కొలబద్దయే గాని విపణిధర గాదు. ఒకే యేట తయారైన రెండు బండ్లలో నొకటి 30 వేల కిలోమీటరులును, రెండవది లక్షయు తిరిగియున్నను ఈ పట్టిక రెంటిని సమానముగా నెంచును. విపణి యట్లెంచదు.

నిజమైన ధరను తేల్చుటకు అదే కంపెనీ, అదే రకము, అదే యేడు, అదే యింధనము గల బండ్లను కనీసము అయిదారింటిని చూచి, వాని ధరలను వ్రాసికొనవలయును. ప్రకటనలలో నుండునది అడుగు ధరయే. కుదురు ధర దానికి తక్కువగా నుండును. పిమ్మట యజమానుల సంఖ్య, తిరిగిన దూరము, సర్వీసు కాగితములు, ప్రమాదచరిత్ర చూచి హెచ్చుతగ్గులు వేసికొనవలయును. తయారైన మాసమును, రిజిస్టరైన మాసమును వేరువేరుగా జూడవలయును. డిసెంబరులో తయారై మరుసటి సంవత్సరము రిజిస్టరైన బండిని ఒక యేడు చిన్నదిగా చెప్పి యమ్ముట పరిపాటి.

క్రొత్తబండి ధర మారినపుడు పాతదాని ధరయు కదలును. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి చిన్నకార్లపై 28 శాతము జి.ఎస్.టి.యు, దానిపై సెస్సును తొలగించి, 18 శాతము మాత్రమే విధించిరి. నాలుగు మీటరుల లోపు పొడవు గలిగి, పెట్రోలుదైనచో 1,200 సి.సి., డీజిలుదైనచో 1,500 సి.సి. మించని యంత్రము గలది చిన్నకారు. క్రొత్తబండియే చవుకయైనపుడు, పాత పన్ను కట్టి కొన్న బండికి యజమాని తాను పెట్టిన సొమ్మునుబట్టి ధర యడుగుట చెల్లదు. కాబట్టి మొదట నేటి క్రొత్తబండి ధరను కనుగొని, దానినుండి క్రిందికి దిగవలయును.

అడుగు ధరకు మరికొన్ని ఖర్చులు కూడును. ఉదాహరణమునకు ఒక బండి 4,20,000 రూపాయలనుకొనుడు. దానికి నాలుగు టైర్లకు 20,000, భీమాకు 15,000, క్లచ్చి మరమ్మతునకు 20,000 కావలసియున్నచో మొత్తము 4,75,000 అగును. ప్రక్కనే 4,60,000 రూపాయలకు, ఈ ఖర్చులేవియు లేని బండి యున్నచో, చవుకది రెండవదియే. ధరను జూచి కాక, రోడ్డెక్కువరకు నగు మొత్తమును జూచి పోల్చుకొనవలయును.

అప్పుచేసి కొనువారు నెలసరి వాయిదాను మాత్రమే చూచుట మరియొక పొరపాటు. నాలుగు లక్షలు నూటికి 14 చొప్పున మూడేండ్లకు తీసికొన్నచో వాయిదా సుమారు 13,700 రూపాయలు, మొత్తము వడ్డీ సుమారు 92,000. అదే యైదేండ్లకైనచో వాయిదా సుమారు 9,300కు దిగును గాని వడ్డీ 1,58,000 వరకు పెరుగును. వాయిదా తగ్గినదని సంతోషించువాడు 66,000 రూపాయలు అదనముగా నిచ్చుకొనుచున్నాడు.

బండి పరీక్ష

పైన పటారము, లోన లొటారము అను సామెత పాతకార్లకు సరిగా నతుకును. కావున కొనువాడు తాను నమ్మిన మెకానిక్కును వెంటబెట్టుకొని, పగటివేళ, వానలేని దినమున బండిని చూడవలయును. రాత్రి దీపముల వెలుతురున రంగుల తేడా కనబడదు.

ఇంజను చల్లగా నున్నపుడే స్టార్టు చేయింపవలయును. ముందుగానే వేడిచేసియుంచిన బండి తన దోషమును దాచుకొనును. పొగగొట్టమునుండి నీలిపొగ వచ్చినచో ఇంజనాయిలు కాలుచున్నదని యర్థము. తెల్లపొగ విడువక వచ్చినచో రేడియేటరు నీరు ఇంజనులోనికి దిగుచున్నదేమో యని శంకింపవలయును. ఆయిలు మూత లోపల పాలమీగడవంటి పదార్థమున్నచో ఆయిలులో నీరు కలిసియుండవచ్చును. బానెట్టు బోల్టులపై స్పానరు గాట్లు, తలుపుల సందులలో నెగుడుదిగుడులు, రంగులో స్వల్పభేదము కనబడినచో ప్రమాదము జరిగియుండునని యూహింపవచ్చును. చిన్న అయస్కాంతమును ఉక్కురేకుపై నానించి చూచినచో, అంటవలసినచోట నంటనిచో లోపల మందముగా పుట్టీ యుండును.

కిలోమీటరుల అంకెను నమ్మి కొనుట మిక్కిలి ప్రమాదకరము. మీటరు డిజిటలైనంత మాత్రమున నది మారదని తలపరాదు. యంత్రసహాయముతో వెనుకకు త్రిప్పువారు కలరు. అయితే కాలి పెడళ్ల రబ్బరు, స్టీరింగు చక్రము, డ్రైవరు సీటు అంచు అబద్ధమాడవు. 30 వేలే తిరిగినదను బండిలో పెడలు రబ్బరు నున్నగా నరిగియున్నచో అమ్మువానిని నిలదీయవలయును. టైరు ప్రక్కన నాలుగంకెల ముద్ర యుండును; 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. కంపెనీ సర్వీసుకేంద్రమునకు యజమానిని వెంటబెట్టుకొని పోయి పూర్వపు సర్వీసులలో నమోదైన దూరమును చూచుట యన్నిటికంటె మేలు. టాక్సీగా తిరిగి పిమ్మట సొంతబండిగా మార్చబడిన కార్లును విపణిలో నున్నవి. వాని చరిత్రయు నిట్లే తెలియును.

వరదలో మునిగిన బండ్లనుగూర్చి ప్రత్యేకముగా జెప్పవలసియున్నది. 2015 డిసెంబరులో చెన్నపట్టణము, 2018 ఆగస్టులో కేరళము, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ నీటమునిగినపుడు వేలకొలది వాహనములు పాడైనవి. మరమ్మతు ఖర్చు భీమావిలువలో నూటికి 75 వంతులు మించినపుడు కంపెనీవారు ఆ బండిని పూర్తి నష్టముగా లెక్కింతురు. అట్టి బండ్లు వేలములో చవుకగా నమ్ముడుపోవును. వానిలో గొన్ని కడిగి తుడువబడి దూరప్రాంతములలో మరల ప్రత్యక్షమగును. సీటుబెల్టును కడదాక లాగిచూచినచో బురదచార కనబడవచ్చును. సీటు పట్టాల తుప్పు, తివాచీ క్రింది తేమ, స్టెపినీ గుంటలోని ఒండ్రు, ఎంత సుగంధము చల్లినను పోని ముక్కవాసన దీని గుర్తులు. నీరు త్రాగిన విద్యుత్తీగలు ఆరునెలలకు గాని తమ గుణము చూపవు. అప్పటికి అమ్మినవాడు కనబడడు.

దస్తావేజుల పరీక్ష

బండిపైనున్న చాసిస్ నెంబరును, ఇంజను నెంబరును ఆర్.సి.తో అక్షరమక్షరము సరిచూచుకొనవలయును. రవాణాశాఖవారి వెబ్‌సైటులలో నెంబరు వేసినచో భీమా, రిజిస్ట్రేషను గడువులు తెలియును. ట్రాఫిక్కు చలానాలును చూచుకొని, అవి అమ్మువానిచే కట్టించిన పిమ్మటనే సొమ్మీయవలయును.

ఆర్.సి.పై బ్యాంకు తాకట్టు నమోదై యుండుట తరచుగా జూచుచున్నాము. "అప్పు తీరిపోయినది, కాగితము రావలసియున్నది" యను మాటకు విలువ లేదు. బ్యాంకు నిరభ్యంతర పత్రమును, తాకట్టు రద్దునకైన 35వ ఫారమును చేతికి వచ్చిన పిమ్మటనే పూర్తి సొమ్ము చెల్లింపవలయును. తాకట్టు భూమిని ఈ.సి. చూడక కొనుటకును దీనికిని భేదము లేదు.

పరరాష్ట్రపు బండ్లు చవుకగా దొరకుటకు కారణము కలదు. ఢిల్లీ ప్రాంతమున పదేండ్లు దాటిన డీజిలు బండ్లు తిరుగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునలు ఆజ్ఞాపించెను. పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లకును గల నిషేధమును 2018లో సుప్రీంకోర్టు బలపరచెను. 2025లో సుప్రీంకోర్టు ఆ యాంక్షలలో మార్పులు చేసెను గాని, నడుమ నా బండ్లు తక్కువ ధరలకు పలుదిక్కులకు తరలిపోయెను. అట్టి బండి మన రాష్ట్రమునకు వచ్చినపుడు పాత కచేరినుండి నిరభ్యంతర పత్రము తేవలయును. పన్నెండు మాసములు మించి యిచట నుంచినచో క్రొత్త నెంబరు పొందవలయును. ఇచటి జీవితకాలపు పన్ను కట్టవలయును. ఆ పన్నును ముందు లెక్కవేసికొననివారికి చవుకబండి ఖరీదైనదగును. ఆంధ్రప్రదేశము, తెలంగాణములు 2014లో వేరైనప్పటినుండి విజయవాడబండిని హైదరాబాదువారు కొన్నను ఇదే పద్ధతి.

పదునైదేండ్లకు సమీపించిన బండినిగూడ నాలోచించి కొనవలయును. ఆ గడువు దాటిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిలు 1వ తేదీన 600 రూపాయలనుండి 5,000కు పెరిగినది. ఇరువదేండ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000గా నిర్ణయించిరి.

ఇంటర్నెట్టు ప్రకటనలలో తాము సైన్యములో నున్నామనియు, బదిలీయైనదనియు, సగము ధరకే కారు పంపెదమనియు, రవాణాఖర్చులు ముందు పంపుడనియు వ్రాయువారు కలరు. బండిని కంట జూడక, తాళమును చేత బట్టక ఒక్క రూపాయియు పంపకుడు. ఇంతకంటె జెప్పవలసినది లేదు.

మార్పిడి బేరము

పాతబండి నిచ్చి క్రొత్తబండి దెచ్చుకొనువారికి "కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" యను సామెత యనుభవమునకు వచ్చును. షోరూమువారు పాతబండికి హెచ్చుధర కట్టినట్లు చూపి, క్రొత్తదానిపై నీయవలసిన తగ్గింపును మాటుచేయుదురు. ఒకచోట క్రొత్తబండి 9,00,000, పాతదానికి 3,50,000 అందురు. మరియొకచోట క్రొత్తది 8,60,000, పాతది 3,20,000 అందురు. పాతబండికి ముప్పది వేలు ఎక్కువ వచ్చినదని మొదటిచోటికి బోవువాడు 5,50,000 చెల్లించును. రెండవచోట 5,40,000తో ముగియును. చేతినుండి పోవు తేడాసొమ్మే నిజమైన లెక్క. కావున పాతదాని ధరను ముందుగా బయట రెండుమూడుచోట్ల విచారించుకొని, క్రొత్తదాని ధరను పాతబండి ప్రస్తావన లేకయే తేల్చుకొని, పిమ్మట రెంటిని కలుపవలయును.

వ్యాపారి చెప్పు పన్ను లెక్కలను గూర్చియు జాగ్రత్త వలయును. 2024 డిసెంబరులో జైసల్మేరున సమావేశమైన జి.ఎస్.టి. మండలి పాతబండ్లపై నిర్ణయించిన 18 శాతము, రిజిస్టరైన వ్యాపారి కొన్న ధరకును, అమ్మిన ధరకును గల తేడాపైననే గాని మొత్తము ధరపై గాదు. ఒక గృహస్థు మరియొక గృహస్థునకు అమ్మినపుడు ఆ పన్నే లేదు.

అమ్మువారికి హెచ్చరిక

ఇంతవరకు కొనువానినిగూర్చి చెప్పితిమి. కాని యంతకంటె ఘోరమైన యపాయము అమ్మువానికి గలదు. దానిని పలువురెరుగరు. సొమ్ము చేతబడిన వెంటనే ఖాళీ ఫారములపై సంతకములు చేసి, తాళము లిచ్చి, ఇక నా బండితో నాకు పనిలేదని యింటికి వచ్చుట మన ప్రాంతమున ఆచారమైపోయినది. ఆ సంతకముల కాగితములతో బండి నాలుగు చేతులు మారును. ఆర్.సి.లో మాత్రము మొదటివాని పేరే నిలిచియుండును.

2009లో హర్యానా ప్రాంతమున నిట్టి కారొకటి ప్రమాదము చేసెను. రిజిస్టరైన యజమాని తానెప్పుడో అమ్మితిననెను; అతనినుండి కొన్నవాడు నట్లే యనెను; ఆ పిదపవాడు నట్లే. బండికి భీమాయు లేకుండెను. వ్యవహారము సుప్రీంకోర్టునకు జేరగా, 2018 ఫిబ్రవరిలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము, రిజిస్టరులో నెవ్వని పేరున్నదో అతడే చట్టము దృష్టిలో యజమానియనియు, పరిహారభారము అతనిదేయనియు తీర్పు చెప్పెను. గాయపడినవారు బండి యెన్నిచేతులు మారినదో వెదకికొనుచు తిరుగనక్కరలేదని న్యాయస్థానము భావించెను. ఈ తీర్పు న్యాయమైనదే. కాని మూడు లక్షలకు కారునమ్మి మరచిన రైతు, తానెన్నడు చూడని డ్రైవరు చేసిన తప్పునకు పరిహారము కట్టుటకై పొలమును తాకట్టు పెట్టవలసివచ్చునన్న మాట!

మోటారు వాహనముల చట్టము, 1988, 50వ సెక్షను ప్రకారము అమ్మినవాడు బండి యదే రాష్ట్రమున రిజిస్టరైనదైనచో 14 దినములలో ఆ సంగతి రిజిస్టరింగు అధికారికి తెలుపవలయును. కొన్నవాడు 30 దినములలో తెలుపవలయును. ఇందులకు 29, 30 సంఖ్యల ఫారములు గలవు. భీమా మార్పిడికై కొన్నవాడు 14 దినములలో కంపెనీకి దరఖాస్తు పెట్టవలయును. అమ్మినవాడు క్లెయిములు చేయకుండుటచే సంపాదించిన బోనసు మనిషిదే గాని బండిది గాదు; దానిని తన క్రొత్తబండికి మార్చుకొనవచ్చును. కొన్నవాడు ఆ మేరకు ప్రీమియము కట్టుకొనవలయును.

బండి నప్పగించునపుడు దినమును, గంటను, కిలోమీటరుల అంకెను వ్రాసి, ఉభయులు సంతకములు చేసి, చెరియొక ప్రతి యుంచుకొనుడు. కొన్నవాని గుర్తింపుపత్రము నకలు తీసికొనుడు. వ్యాపారికి అమ్మువారు, అతనికి రవాణాశాఖ యిచ్చు అధికారపత్రమున్నదేమో చూడుడు. 2022 డిసెంబరులో ప్రకటింపబడి 2023 ఏప్రిలు 1వ తేదీనుండి యమలునకు వచ్చిన నియమముల ప్రకారము, అట్టి వ్యాపారికి బండి నప్పగించినట్లు 29సి ఫారముద్వారా తెలియజేసినచో, ఆపైని బాధ్యత యతనిదగును. పేరు మార్పిడి పూర్తియగువరకు ధరలో కొంత భాగమును నిలిపియుంచుకొనుమని కొనువానితో నొడంబడుటయు మేలే. అందువలన నిరువురకును తొందర కలుగును.

ఈ జాగ్రత్తలన్నియు మితిమీరినవని కొందరనవచ్చును. మెకానిక్కునకు కొన్ని వందలు, కచేరికి ఒకటి రెండు ప్రయాణములు, ఒక వారము ఓపిక: ఇంతియే వీని ఖర్చు. తాతలు ఎద్దు పండ్లు చూచుటకు సిగ్గుపడలేదు. దస్తావేజు చదివించుకొనుటకు విసుగుకొనలేదు. అందుచేతనే పొలములు నిలిచినవి. మనమును కారు కొనునపుడు బండిని చూతము; అమ్మినపుడు పేరు మార్పింతము. ఇదివరకే కారునమ్మిన పాఠకులు నేడే తమ పాతబండి నెంబరు నొకమారు విచారించి, అది యింకను తమపేరనే యున్నదేమో చూచుకొందురని కోరుచున్నాము.